ధర చెప్పని ఊళ్ళో ఇంటి లెక్క

కుందుర్పి అవతల ఉన్న నల్లబండపల్లెకు మన తాడిపత్రి వాళ్ళెవరికీ పోవలసిన పని పడదు. అక్కడ సంత లేదు, తిరునాళ్ళ లేదు, చెప్పుకోదగిన కొండ కూడా లేదు. నాకు పని పడి పోయి వచ్చాను. వచ్చినప్పటి నుంచి మిత్రులు అడుగుతున్నారు, నేను ముక్కలు ముక్కలుగా చెబుతున్నాను, విన్నవాళ్ళు తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు ఒకసారి రాసిపెడుతున్నాను.

నా పని ఇళ్ళ ఖర్చు లెక్క కట్టడం. చదివింది ఐదో తరగతే. గోడ పొడవు, ఎత్తు, మందం చెబితే ఎన్ని బండ్ల రాయి పడుతుందో, ఎంత మట్టి, ఎంతమంది కూలీలు కావాలో మేస్త్రీల వెంట తిరిగి నేర్చుకున్నాను. ఇప్పుడు మేస్త్రీలే నా దగ్గరికి వస్తారు.

మొన్న ఎండాకాలం ముందు పినాంగు నుంచి దస్తగిరి అనే ఆయన ఉత్తరం రాయించాడు. నల్లబండపల్లె దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు. యుద్ధానికి ముందే మలయా పోయి, అక్కడ పరుపులు కుట్టి బతుకుతున్నాడు. మన ఊరి గుడ్డల వ్యాపారి ఎవరో నా పేరు చెప్పారట. నాలుగు వేల రూపాయలు కూడబెట్టాననీ, పుట్టిన ఊళ్ళో నాలుగంకణాల మిద్దె ఆ సొమ్ములో లేస్తుందో లేదో చూసి చెప్పమనీ రాశాడు. లేస్తే భార్యను, కూతురిని తీసుకొని వచ్చేస్తాడు. ఒక్క రూపాయి దాటినా ఆ డబ్బు అక్కడే ఒక అంగడికి కట్టేస్తాడు, ఇక ఈ జన్మకు రాడు. అంగడి వాడు ఎక్కువ కాలం ఆగడట.

చివర భార్య మాట కూడా ఒకటి ఉంది. ఆమె అక్కడే పుట్టిన మనిషి. ఆమెకు మన అనంతపురం జిల్లాయే పరదేశం. వాళ్ళ వైపు ఇళ్ళు గుంజల మీద నిలబడతాయట, కిందుగా నీళ్ళు పారతాయట. పరదేశంలో కట్టబోయే ఇల్లు ఎంత ఎత్తు గుంజల మీద ఉంటుందని అడిగింది.

కళ్యాణదుర్గం

బస్సు దిగగానే ఆకలి వేసి బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. మన వైపు ఉగ్గానిలో పప్పుల పొడి ఎక్కువ, ఇక్కడ నిమ్మకాయ ఎక్కువ. నాకు వాళ్ళదే నచ్చింది. రెండణాలని చెప్పి, తీరా ఇచ్చేటప్పుడు పదమూడు పైసలు అడిగాడు. కొత్త పైసలు వచ్చాక అందరికీ ఇదే తకరారు. రెండణాలకు పన్నెండు పైసలేనని సర్కారు పట్టికలో ఉందన్నాను.

"పన్నెండున్నర గదా సామీ. ఆ అర పైస ఎవురు మింగల్ల? నేనా?" అన్నాడు హోటలాయన.

నేను పన్నెండే ఇచ్చాను. నేను బస్సు ఎక్కేదాకా ఆయన ఆ అర పైసను గురించి వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాడు.

బండి దారి

కుందుర్పిలో ఓబులప్ప అనే బండి ఆయన దొరికాడు. నల్లబండపల్లెకు మూడు రూపాయలన్నాడు. నేను రెండన్నాను.

"రెండు రూపాయలకైతే ఎద్దు తోక పట్టుకోని నడిచిరా సామీ" అన్నాడు.

రెండున్నరకు తెగింది. ఎద్దుల మేతకు వేరేగా రెండణాలు అడిగితే, మేత ఎద్దులు తింటాయి గనుక వాటినే అడుగుతానన్నాను. నవ్వి ఊరుకున్నాడు. మంచి మాటకారి.

దారి పొడుగునా ఎర్రనేల, గులకరాయి. చెనిక్కాయ చేలు దున్ని వదిలేసి ఉన్నాయి. గొర్రెల మంద ఒకటి ఎదురైంది, కాపరి కనబడలేదు. ఊరు దగ్గర పడిందని అనుకుంటూ ఉండగా ఓబులప్ప బండి ఆపి దిగి, ఎద్దుల మెడలోని గంటలు విప్పి గుడ్డలో చుట్టాడు. ముందు ఒక ఊరు కనబడుతోంది. ఒక్క ఇంటికీ పైకప్పు లేదు. గోడలు నడుము ఎత్తున ఉన్నాయి, కొన్ని చోట్ల అంత కూడా లేవు. అయితే చాలా ఇళ్ళకు ద్వారబంధం మాత్రం చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. ఎటు చూసినా వాకిళ్ళే, వెనక ఇళ్ళు లేవు.

అది పాతూరు. బావి ఎండిపోయాక జనం మైలు దూరంలో ఇంకో బావి దగ్గరికి మారిపోయారు. గంటలు ఎందుకు విప్పావని అడిగాను.

"గంటలు ఇనపడితే ఎవురో వచ్చినారని లేస్తారు" అన్నాడు ఓబులప్ప. ఎవరు లేస్తారో చెప్పలేదు. ఊరు దాటేదాకా ఎద్దుల పక్కనే నడిచాడు.

నల్లబండపల్లె

దస్తగిరి అక్క మాబున్ని ఇంట్లో దిగాను. భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు. దూది ఏకి, నాలుగు మేకలు పెట్టుకొని బతుకుతోంది. రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. సంగటి ముద్ద మన ఇళ్ళలో కంటే గట్టిగా ఉంటుంది, వేలు పెట్టి గుంట చేస్తే అలాగే నిలబడుతుంది. నా కాళ్ళు కడుక్కోవడానికి చిన్న చెంబుతో నీళ్ళిచ్చి, కింద పళ్ళెం పెట్టింది. పళ్ళెంలో పడిన నీళ్ళు మేకలకు పోసింది. పెన్నలో చెలమ తీస్తే నీళ్ళూరే ఊరి నుంచి పోయినవాణ్ణి, నాకు కాళ్ళు కడుక్కోవడమే తప్పుగా తోచింది.

పినాంగు ఆవిడ గుంజల మీద ఇంటిని గురించి అడిగిన మాట అక్కడ కూర్చున్నవాళ్ళకు చెప్పాను. ఇంటి కిందికి నీళ్ళు వస్తాయా అని అందరూ ఒక్కసారి నవ్వారు. నవ్వినవాళ్ళు నవ్వినట్టే ఆగిపోయారు. సంతాపానికి వచ్చిన ఇంట్లో పొరపాటున నవ్వినట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు ధరలు కనుక్కోవడానికి బయలుదేరాను. రాళ్ళు కొట్టే తిమ్మన్న దగ్గరికి ముందు పోయాను. సుత్తి దెబ్బలకు చెవులు మందగించిన మనిషి, గట్టిగా అరిచి పని చెప్పాను. ఎవరి ఇల్లని అడిగాడు. దస్తగిరిదన్నాను. సుత్తి కింద పెట్టాడు.

"చేస్తాము సామీ. చెయ్యకుండా ఉంటామా" అన్నాడు.

బండి రాయి ఎంతన్నాను.

"దానికి ధరేముందిలే."

మట్టిగోడ పెట్టేవాళ్ళు అదే మాటన్నారు. దూలాలు, తలుపులు చేసే వడ్రంగి అదే మాటన్నాడు. నీళ్ళు తోలే బండివాళ్ళ దగ్గర మాత్రం గట్టిగా అడిగాను. ఆ ఊళ్ళో ఇల్లు కట్టడమంటే రాయి కాదు, మట్టి కాదు, నీళ్ళే. మట్టి తొక్కాలన్నా, మిద్దె మీద చవుడు మట్టి పరిచి తడపాలన్నా ప్రతి కడవా బండెక్కి రావాలి. వాళ్ళు కూడా నేల చూసి, మీ ఇష్టం అన్నారు.

మొదట సంతోషించాను. దూరదేశం పోయిన తమ ఊరివాడు తిరిగి వస్తున్నాడని జనం ఇంత ప్రేమ చూపిస్తున్నారే అనుకున్నాను. సాయంత్రం కాగితం మీద చూస్తే ఎడమ పక్క పనులన్నీ ఉన్నాయి, కుడి పక్క ఒక్క అంకె లేదు. సున్న వేయడానికి వీల్లేదు, ఎవరూ ఊరికే చేస్తామనలేదు. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఎక్కువ ధర చెప్పేవాణ్ణి చూశాను, తక్కువ చెప్పి తరువాత ఏడిపించేవాణ్ణి చూశాను. ధరే చెప్పని ఊరిని చూడలేదు. ఊరంతా ముందే కూడబలుక్కొని ఒక మాట మీద నిలబడితే, ఆ మాట ఏమిటో తెలియని నేను ఒక్కణ్ణే మధ్యలో నిలబడ్డట్టయింది. దారిన పోతుంటే పిల్లలు కూడా పక్కకు జరిగి నాకు దోవ ఇస్తున్నారు. మా ఊళ్ళో శవయాత్రకు అలా దోవ ఇస్తారు.

మాబున్ని చెప్పిన మాట

సంగటి పెడుతూ మాబున్ని తానే అందుకుంది. ఆమె చెప్పింది ఇది.

ఆ ఊళ్ళో గుంత తీసేవాడు తన కూలి ఇంత అని చెప్పడు. పాడె కట్టేవాడూ చెప్పడు. చచ్చినవాళ్ళ పనికి ధర పలకకూడదు, బేరం ఆడకూడదు. ఇచ్చింది తీసుకొని వెనక్కి చూడకుండా పోవాలి. మా తాడిపత్రిలో చావు పనికే బేరం గట్టిగా జరుగుతుంది. 

ఊరు మారినప్పుడు కొత్త ఇళ్ళకు రాళ్ళు కావలసి వచ్చాయి. పాతూళ్ళో ఉన్నవాళ్ళు తమ రాళ్ళు తాము తెచ్చుకున్నారు. లేనివాళ్ళ ఇళ్ళ దగ్గర ఊరి పెద్ద గంగన్న గడప బయట నిలబడి ఇంటాయన పేరు మూడుసార్లు పిలిచాడు. ఇంటాయన గానీ, అతని రక్తసంబంధం గానీ లోపల నిలబడి ఉన్నానని పలకాలి. పలికితే రాళ్ళు ముట్టరు. పలకకపోతే ఆ ఇల్లు ఊరిది, ఆ పేరు చచ్చినవాళ్ళది. ద్వారబంధం మాత్రం వదిలేస్తారు, పిలిచిన చోటు గనుక. యుద్ధంలో మలయా సంగతులు తెగిపోయి అప్పటికి ఏళ్ళు గడిచాయి. దస్తగిరి ఇంటి ముందు కూడా గంగన్న పిలిచాడు.

"నేను లోపల నిలబడి ఉండానని చెప్పల్ల తమ్ముడూ. లోపలే నిలబడినా. నోరు రాలేదు" అంది మాబున్ని.

 ఆమె లేచి, నేను ఆనుకొని కూర్చున్న గోడ మీద చెయ్యి వేసింది.

"ఈ గోడ వాని ఇంటిదే. నాకూ రాళ్ళు కావల్సి ఉండె."

నేను గోడకు ఆనడం మానేసి ముందుకు జరిగాను.

ఆ తరువాత దస్తగిరి ఉత్తరాలు వచ్చాయి, డబ్బులూ వచ్చాయి. బతికి ఉన్నాడని ఊరందరికీ తెలుసు. అయినా పేరు పిలిచేశారు. ఆ పేరు మీద ఏ పని చెప్పినా గుంత తీసే పని కిందే లెక్క. అతడే వచ్చి ఆ గడప లోపల నిలబడి పలికితే తప్ప అది తీరదు. ధర తెలిస్తే తప్ప అతడు రాడు, అతడు వస్తే తప్ప ధర తెలియదు. ఇలాంటి లెక్క నేనెప్పుడూ కట్టలేదు. ఎటు నుంచి మొదలుపెట్టినా మొదలుపెట్టిన చోటికే వస్తుంది.

మరి వేరే దారి లేదా అని గంగన్నను అడగడానికి పోయాను. ముసలాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక దారి ఉందన్నాడు, అయితే తన తాత కాలంలో ఎప్పుడో జరిగిందన్నాడు. రక్తసంబంధానికి ఒక్కసారే పలికే హక్కు, అది అయిపోయింది. ఊరివాళ్ళు పలకకూడదు. ఆ ఇంటి ఉప్పు తిన్న పైఊరి మనిషి ఎవరైనా లోపల కూర్చొని ఆ పేరుకు పలకవచ్చు.

చెప్పి నా వైపు చూశాడు. నేను మాబున్ని ఇంట్లో ఎన్ని ముద్దలు తిన్నానో ఆయనకూ తెలుసు.

"పలికినోనికి ఏమైతుంది?" అని అడిగాను.

"ఏమీ కాదప్పా. వాని పేరు కొంచేపు నీ మీద ఉంటాది. అంతే."

పాతూరు

ఇలాంటివి చీకట్లో చేస్తారని అనుకున్నాను. కాదు. నీడ కాళ్ళ కిందికి వచ్చే వేళ చేయాలట. ఊరంతా వచ్చింది. ఓబులప్ప కుందుర్పి నుంచి ఎవరినో దింపడానికి వచ్చి, అతడూ ఆగాడు.

నేను దస్తగిరి ఇంటి గడప దాటి లోపలికి పోయి, వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాను. వెనక్కి తిరగకూడదని గంగన్న ముందే చెప్పాడు. చుట్టూ మోకాలెత్తు గోడ. ఒక మూల పొయ్యి రాళ్ళు నల్లగా ఉన్నాయి. అలవాటు చొప్పున కంటితో కొలిచాను: నాలుగంకణాలే. తగలబెట్టే ఎండ, గాలి లేదు. వెనక అంతమంది ఉన్నారు గదా, ఒక్క దగ్గు వినబడలేదు. పసిబిడ్డ కూడా ఏడవలేదు. కాసేపటికి వెనక ఎవరూ లేరేమో, నన్ను కూర్చోబెట్టి వెళ్ళిపోయారేమో అనిపించింది.

"దస్తగిరీ, ఇంట్లో ఉండావా?" అని గంగన్న పిలిచాడు.

"ఉండాను" అన్నాను. నా గొంతు నాకే మరీ పెద్దగా వినబడింది.

రెండోసారి పిలిచాడు. ఉండానన్నాను. అప్పటికి నాలుక అంగిలికి అంటుకుపోయింది. నీళ్ళు తెచ్చుకోలేదు.

మూడోసారి పిలిచాడు. నోరు తెరిచాను. మాట రాలేదు. ఇదే చోట నిలబడి మాబున్ని పడిన అవస్థ అప్పుడు తెలిసింది. ఉమ్ము మింగి మళ్ళీ ప్రయత్నించబోతున్నాను. ఇంతలో వెనక జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఎవరో నవ్వారు. ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. గంగన్న వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి లేపాడు.

మూడోసారి ఇంకా పలకలేదని చెప్పాను.

"ఏమప్పా, అంత గట్టిగా పలికినావు గదా. తిమ్మన్న చెవిటోడు, వానికీ ఇనపడింది" అన్నాడు.

రెండుసార్లు నేను పలికాను. మూడోది నా లెక్కలో లేదు. ఇంతకంటే నాకు తెలియదు.

ధరలు

పాతూరి నుంచి ఊరికి నడిచే దారిలోనే తిమ్మన్న అందుకున్నాడు. బండి రాయికి ఆరు రూపాయలన్నాడు. అన్యాయమన్నాను. తాడిపత్రిలో నాలుగున్నర అన్నాను.

"అయితే తాడిపత్రి నుంచి తెప్పించుకో. దస్తగిరి దుడ్లు సముద్రం దాటి వస్తాండాయి, నా రాయి మైలు దాటడానికి ఏడుస్తావేమప్పా" అన్నాడు.

నీళ్ళ బండివాళ్ళు ఇంకా దారుణం. వడ్రంగి తలుపుకొక ధర, గడియకొక ధర చెప్పాడు. నిన్న నేల చూసినవాళ్ళందరూ ఇవాళ నా చొక్కా పట్టుకొని అరుస్తున్నారు. నేనూ అరిచాను. అంత సుఖంగా నేనెప్పుడూ బేరం ఆడలేదు. సాయంత్రానికి కుడి పక్క అంకెలన్నీ నిండాయి.

అందరికంటే గట్టి బేరం మాబున్నిది. తమ్ముడి రాళ్ళు తన గోడలో ఉన్నాయి. అవి తిరిగి ఇవ్వాలంటే తనకు వేరే గోడ లేవాలి, డెబ్బై రూపాయలకు తక్కువైతే రాయి కదలదంది. సొంత తమ్ముడి దగ్గరా అన్నాను.

"బతికుండేటోనితోనే గదప్పా బేరం" అంది.

డెబ్బై రాశాను. అన్నీ కూడితే నాలుగు వేల నలభై వచ్చింది. మళ్ళీ కూడి చూశాను, అంతే. తిమ్మన్న దగ్గర తగ్గించగలిగినంతా తగ్గించాను, నీళ్ళవాళ్ళు ఒక్క అణా దిగరు. దస్తగిరి మాట స్పష్టంగా ఉంది, ఒక్క రూపాయి దాటినా రాడు. అంగడికి కట్టేస్తాడు.

నేను మొత్తం చదివి వినిపించాను. మాబున్ని తన గోడ వైపు చూసింది.

"నా డెబ్బై కొట్టేయి" అంది.

గోడ పోతే ఆమె ఎక్కడ ఉంటుందన్నాను.

"వాడు వచ్చేదాకా మేకలతో ఉంటా. వచ్చినాంక వాని ఇంట్లో ఉంటా. ఉండనీడా? పోయినసారి నోరు రాలేదు, ఈ తూరి వచ్చింది. రాసుకో."

మూడు వేల తొమ్మిది వందల డెబ్బై. మిగిలిన ముప్పై పినాంగు ఆవిడకు స్నానానికి ఒక మూల గోడ కట్టడానికి రాశాను. గుంజల మీద ఇల్లు మాత్రం వీలుకాదని కింద వివరం రాశాను.

తిరుగుదారి

మర్నాడు తెల్లవారి ఓబులప్ప బండిలోనే బయలుదేరాను. పాతూరు దగ్గర ఈసారి అతడు గంటలు విప్పలేదు. అవి గణగణమంటూనే ఉన్నాయి. మంచి సూచన అనుకున్నాను. కుందుర్పి దాకా అతడు ఒక్క మాట మాట్లాడలేదు.

బండి దిగి బాడుగ ఎంతని అడిగాను. వచ్చేటప్పుడు మేతకు రెండణాల కోసం కొట్లాడిన మనిషి, ఎద్దుల వైపు తిరిగి కాడి సర్దుతూ, "నీ ఇష్టం సామీ" అన్నాడు.

రెండున్నరేనా అన్నాను. పలకలేదు. మూడు తీసుకో అన్నాను. చెయ్యి చాపాడు గానీ ఎంత ఇమ్మనలేదు. ధర చెప్పు ఓబులప్పా అని రెండుసార్లు అడిగాను, బతిమాలినట్టే అడిగాను. డబ్బులు చూడకుండా మొలలో దోపుకొని, బండి తిప్పి, వెనక్కి చూడకుండా పోయాడు.

కళ్యాణదుర్గంలో అదే హోటల్‌కు పోయాను. ఆకలి లేదు. ఉగ్గాని చెప్పి, తినకుండానే ఎంతని అడిగాను. హోటలాయన ఎవరితోనో మాటల్లో ఉండి పలకలేదు. మళ్ళీ అడిగాను. నన్ను గుర్తుపట్టి ముఖం ముడుచుకొని, "పదమూడు పైసలు. ముందే చెప్తాండా, అర పైస కూడా తగ్గేది లేదు" అన్నాడు.

పదమూడూ ఇచ్చి, కూర్చొని తిన్నాను.

లెక్క పినాంగుకు పంపాను. నిన్న జవాబు వచ్చింది. అంగడి వద్దనుకున్నాడట, ఓడకు టిక్కెట్టు మాట్లాడుతున్నాడట. తిమ్మన్న బండి రాయికి అంత అడిగాడా, వాడి నాయన మా ఇంటికి పరుపు డబ్బు బాకీ ఉన్నాడని చెప్పి సగానికి దించండి అని రెండు పుటలు తిట్లు రాయించాడు. ఈ ఉత్తరం మాబున్నికి పంపిస్తాను, చదివించుకొని నవ్వుకుంటుంది.

నా దారి ఖర్చులు తానే ఇస్తానని ముందే ఒప్పుకున్నాడు గనుక వాటినీ ఒక్కొక్కటే పరిశీలించాడు. చివర ఒక ప్రశ్న వేశాడు: పోయేటప్పటి బండి బాడుగ రెండున్నర వేశారు, వచ్చేటప్పటిది ఎందుకు ఖాళీగా వదిలారు?

దానికి ఏమని రాయాలో ఇంకా తేల్చుకోలేదు.